అబిడ్స్ పుస్తకాలు, నాంపల్లి ఉస్తాద్

ఆదివారం ఉదయం అబిడ్స్‌ను చూడనివారికి ఆ ప్రాంతం సగమే తెలుసునని చెప్పాలి. మిగిలిన ఆరు రోజులూ అక్కడ బట్టల దుకాణాలు, చెప్పుల దుకాణాలు, గడియారాల దుకాణాలు జనంతో కిటకిటలాడుతుంటాయి. ఆదివారం పొద్దున అనేక దుకాణాల ఇనుప తలుపులు దిగి ఉంటాయి. వాటి ముందరి కాలిబాటల మీద గోనెపట్టాలు పరచి పాత పుస్తకాలు పేరుస్తారు. వైద్య గ్రంథాల పక్కన వంటల పుస్తకాలు, ఇంజనీరింగు పాఠ్యపుస్తకాల మీద ఉర్దూ నవలలు, వాటి కింద ఎవరో పేరు రాసుకొని, తరువాత అమ్మివేసిన తెలుగు నిఘంటువులు కనిపిస్తాయి. ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ కొలువులో పనిచేసిన ఆల్బర్ట్ ఆబిద్ ఇక్కడ నడిపిన దుకాణం పేరే ఈ ప్రాంతానికి నిలిచిపోయింది. ఆ దుకాణం ఏనాడో పోయింది. కొనడం, అమ్మడం మాత్రం పోలేదు.

నల్గొండలో మాకొక చిన్న పుస్తకాల దుకాణం ఉన్నది. కొత్త పాఠ్యపుస్తకాలు, నోటు పుస్తకాలు అమ్ముతాము. వాటికంటే ఎక్కువగా పాత పుస్తకాలు అమ్ముతాము. కొత్త పుస్తకం కొనలేని పిల్లవాడు సగం ధరకు పాతది తీసుకొని వెళ్ళేటప్పుడు అతని ముఖంలో కనిపించే ఊరట మా వ్యాపారానికి మూలధనం. అందుకోసం నెలకు రెండు ఆదివారాలు తెల్లవారుజామున నమాజు కాగానే బయలుదేరి, సుమారు 100 కిలోమీటర్ల దూరంలోని అబిడ్స్‌కు మా వ్యానులో వెళ్ళేవారము. మధ్యాహ్నానికల్లా పుస్తకాలు నింపుకొని, చీకటి పడేలోగా ఇల్లు చేరేవారము.

2019 వేసవిలో ఆ ప్రయాణాలు మాకు పరీక్షగా మారాయి. ఆ సంగతి, దాని వల్ల మేము నేర్చుకున్నది పాఠకులతో పంచుకోవాలని ఈ నాలుగు మాటలు రాస్తున్నాము.

బండి కుంటడం మొదలైంది

మా వ్యాను 2003 నాటిది. మూడు సిలిండర్ల చిన్న ఇంజను ముందు సీట్ల కిందనే ఉంటుంది. 15 ఏళ్ళు నిండాక తనిఖీ చేయించి మరో 5 ఏళ్ళకు రిజిస్ట్రేషను పొడిగించుకున్నాము. పెట్రోలుతోనూ, గ్యాసుతోనూ నడిచే ఏర్పాటు దానికి ఉన్నది. ఖర్చు కలిసి వస్తుందని మేము ఎక్కువగా గ్యాసు మీదనే నడిపేవారము.

ఆ ఏడాది ఫిబ్రవరిలో మొదటిసారి బండి ‘మిస్సింగ్’ కొట్టింది. ఇంజను సమంగా తిరగక, మధ్య మధ్య ఒక దెబ్బ తప్పిపోతున్నట్లు వణకడాన్ని మన మెకానిక్కులందరూ ఆ మాటతోనే పిలుస్తారు. ఉదయం బయలుదేరినప్పుడు ఏ లోపమూ కనిపించేది కాదు. చౌటుప్పల్ దాటి, హయత్‌నగర్ చేరి, దిల్‌సుఖ్‌నగర్ సిగ్నళ్ళ వద్ద ఆగినప్పుడు మాత్రం సీటు కింద ఎవరో కుంటుతూ నడుస్తున్నట్లు ఉండేది. వేగం పెంచితే కుంటు కొంత సర్దుకొనేది. ఆగితే మళ్ళీ మొదలయ్యేది. తిరుగు ప్రయాణంలో పుస్తకాల బరువు తోడై, బండి ఎత్తులు ఎక్కలేక నిట్టూర్చేది. రాత్రి ఇంటి ముందు ఆపి, తెల్లవారి తాళం తిప్పితే ఏమీ ఎరగనట్లు చక్కగా పలికేది.

ఇది చిన్న విషయంగా పాఠకులకు తోచవచ్చు. కాని ఆ వ్యాను ఆగితే మా దుకాణం ఆగినట్లే. జూన్‌లో బడులు తెరుస్తారు. ఏప్రిల్, మే నెలల్లో పుస్తకాలు తెచ్చుకోకపోతే ఏడాది మొత్తానికి సరిపోయే ఆదాయం చేజారిపోతుంది. పైగా ఆ ఏడాది రంజాన్ మే మొదటి వారంలోనే రానున్నది. ఉపవాసంతో ఎండలో రహదారి పక్కన ఆగిపోయిన బండిని నెట్టే పరిస్థితి రాకూడదని అమ్మీ మాటిమాటికీ అనేది.

మార్చిన సామాన్ల లెక్క

మొదట మా ఊరి మెకానిక్ స్పార్క్ ప్లగ్గులు మార్చాడు. బండి బాగుపడింది. వారం తిరగకుండానే మళ్ళీ కుంటింది. తరువాత ప్లగ్గు వైర్లు మార్చాడు. బాగుపడింది, మళ్ళీ కుంటింది. మరొక మెకానిక్ డిస్ట్రిబ్యూటరు మూత, లోపలి రోటరు మార్చాడు. ఇంకొకరు కాయిల్ మార్చి, కార్బ్యురేటరు విప్పి కడిగారు. ప్రతిసారీ అదే కథ. పని ముగిసిన సాయంత్రం బండి మల్లెపూవులా ఉండేది. తదుపరి ఆదివారం దిల్‌సుఖ్‌నగర్ చేరేసరికి పాత రోగం తిరగబెట్టేది.

రెండు నెలల్లో 9,000 రూపాయలు దాటిపోయాయి. మార్చిన పాత సామాన్లన్నీ అబ్బా ఒక బిస్కెట్ల డబ్బాలో దాచారు. వాటిలో నిజంగా చెడిపోయినది ఏదో, మంచిదేదో మాకెవరికీ తెలియదు.

ఆ మెకానిక్కులను మేము నిందించడం లేదు. వారు మోసగాళ్ళు కారు. ప్లగ్గు మార్చగానే బండి బాగుపడితే, లోపం ప్లగ్గులోనే ఉన్నదని వారూ నమ్మారు, మేమూ నమ్మాము. ఆ నమ్మకంలో దాగిన పొరపాటు ఏమిటో నాంపల్లిలో తెలిసింది.

చల్లటి పొద్దున చూపిద్దామా?

విసిగిపోయి వ్యానును అమ్మివేయాలని నిశ్చయించాము. మిర్యాలగూడ నుంచి ఒక యువకుడు వచ్చాడు. బేకరీ సరుకును ఊళ్ళకు చేరవేసే పని మొదలుపెట్టబోతున్నాడు. అక్క నగలు కుదువబెట్టి డబ్బు తెస్తున్నానని దాపరికం లేకుండా చెప్పాడు. ధర కుదిరింది. వచ్చే మంగళవారం ఉదయం వచ్చి, నడిపి చూసి, డబ్బు ఇచ్చి తీసుకువెళ్తానన్నాడు.

అతడు వెళ్ళిన తరువాత మాలో చిన్నవాడు మెల్లగా అన్నాడు. “పొద్దున్నే రమ్మందాము. చల్లటి ఇంజను మీద ఊళ్ళో పది నిమిషాలు తిప్పుతాడు. ఏమీ తెలియదు. మనం అబద్ధం చెప్పనక్కరలేదు, అడిగితేనే కదా!”

ఇంట్లో ఎవరమూ వెంటనే మాట్లాడలేదు. నిజం చెప్పాలంటే, ఆ ఆలోచన మాలో మరికొందరికీ అప్పటికే వచ్చింది. అతడు పైకి అన్నాడు, మేము అనలేదు, అంతే తేడా. దైవప్రవక్త (సఅసం) అంగడిలో ధాన్యపు రాశిలోకి చేయి పెట్టి, లోపలి తడిని బయటపెట్టిన సంఘటన మన పాఠకులందరికీ తెలిసినదే. పైన ఎండిన గింజలు పరచిన ఆ వర్తకుడు కూడా నోటితో అబద్ధమేమీ చెప్పి ఉండకపోవచ్చు. చల్లటి పొద్దున చూపే వేడి రోగపు బండికీ, ఆ రాశికీ తేడా ఏమున్నది?

అబ్బా ఒకే మాట అన్నారు. “ఈ ఆదివారం అబిడ్స్ వెళ్దాం. నాంపల్లిలో ఎవరికైనా చూపిద్దాం. రోగమేదో తెలిస్తే దాన్ని చెప్పి అమ్మవచ్చు. తెలియకపోతే, తెలియదని చెప్పి అమ్ముదాం.”

నాంపల్లి షెడ్డు

అబిడ్స్‌కూ నాంపల్లికీ మధ్య పెద్ద దూరం లేదు. స్టేషన్ రోడ్డు పట్టుకుంటే కొద్ది నిమిషాల నడక. హైదరాబాద్ దక్కన్ అని రైల్వే వారి పట్టికలో ఉండే నాంపల్లి స్టేషను 1907 నాటిది. పట్టాలు అక్కడితో ముగుస్తాయి. ఏ బండీ దాన్ని దాటి ముందుకు పోదు, వచ్చిన దారినే తిరిగి వెళ్ళాలి. ఈ ప్రాంతానికి మోటారు బండ్లతోనూ పాత చుట్టరికమే. నిజాం రాష్ట్ర రైల్వే తన రోడ్డు రవాణా విభాగాన్ని 1932 జూన్‌లో 27 బస్సులతో, 166 మంది సిబ్బందితో ప్రారంభించింది. ఈనాటి ఆర్టీసీకి అదే మొలక.

స్టేషను వెనుక సందుల్లో రేకుల షెడ్లు, లాడ్జీలు, చాయ్ హోటళ్ళు కలగలసి ఉంటాయి. పుస్తకాలమ్మే ఒక పెద్దాయన చెప్పగా, ఆ సందుల్లో ఒక షెడ్డుకు వెళ్ళాము. అక్కడ సెలవు శుక్రవారం. ఆదివారం పని ఉంటుంది. షెడ్డు యజమాని 70 ఏళ్ళకు దగ్గరలో ఉన్న మనిషి. అందరూ ఆయనను ‘ఉస్తాద్’ అంటున్నారు. మేమూ సలాం చేసి అలాగే పిలిచాము. అప్పటికి బండి రెండు గంటలుగా అబిడ్స్ నీడలో నిలబడి ఉన్నది. పుస్తకాలు నింపుకొని వచ్చాము.

అబ్బా బిస్కెట్ల డబ్బా తెరిచి, మార్చిన సామాన్లన్నీ చూపించారు. ఉస్తాద్ ఒక్కొక్క ప్లగ్గునూ వెలుతురులో పట్టి చూశారు. ఇవి బాగానే ఉన్నాయన్నట్లు పక్కన పెట్టి, బానెటు తెరవకుండానే ప్రశ్నలు మొదలుపెట్టారు. ఎప్పుడు కుంటుతుంది? చల్లగానా, వేడిగానా? ఆగి ఉన్నప్పుడా, పరుగులోనా? పెట్రోలు మీదనా, గ్యాసు మీదనా? వాన పడితే ఎక్కువవుతుందా? చివరిసారి ట్యాపెట్లు ఎప్పుడు చూపించారు?

చివరి ప్రశ్నకు మా వద్ద జవాబు లేదు. మిగిలినవన్నీ చెప్పాము. వేడెక్కాక, ఆగి ఉన్నప్పుడు ఎక్కువ. గ్యాసు మీద ఎక్కువగా, పెట్రోలు మీద కొద్దిగా తక్కువగా, కాని రెండింటి మీదా. వానతో సంబంధం లేదు.

ఆయన తల పంకించి అడిగారు. “భాయ్‌సాబ్, ఈ సామాన్లు మార్చినప్పుడల్లా బండి షెడ్డులో ఎంతసేపు ఉన్నది?”

“రెండు గంటలు, మూడు గంటలు. ఒక్కోసారి పూటంతా.”

“ఇంజను చల్లారింది కదా! బాగుచేసింది ప్లగ్గు కాదు, ఆ మూడు గంటలు.”

రెండు నెలలుగా మేము చూస్తూ కూడా చూడనిది ఆ ఒక్క మాటలో అర్థమైంది. ప్రతి మరమ్మతూ ఇంజను చల్లారడానికి వ్యవధి ఇచ్చింది. చల్లారిన ఇంజను ఎలాగూ బాగానే నడుస్తుంది. ఆ మంచిని మేము కొత్త సామాను ఖాతాలో రాసుకున్నాము.

“ఇప్పుడు చూస్తే నాకూ ఏమీ కనిపించదు, వేడెక్కించుకొని వద్దాం పదండి” అంటూ ఆయన వచ్చి ముందు సీటులో కూర్చున్నారు.

వేడి కోసం ఊరు చుట్టడం

అలా ఏ పనీ లేకుండా, కేవలం ఇంజను వేడెక్కడం కోసం, పుస్తకాల బరువుతో నాంపల్లి, అబిడ్స్‌లను చుట్టడం మొదలుపెట్టాము. ఎన్నో ఏళ్ళుగా పని మీద వచ్చి పని మీద వెళ్ళిన మేము ఆ ప్రాంతాన్ని నింపాదిగా చూసింది ఆ మధ్యాహ్నమే.

జనరల్ పోస్టాఫీసు కూడలి దాటి మొజంజాహి మార్కెట్ వైపు మళ్ళాము. 1935లో ఏడో నిజాం కాలంలో, ఆయన రెండో కుమారుడు మొజంజా పేరిట కట్టిన ఆ రాతి కట్టడంలో, గడియార స్తంభం చుట్టూ మరమ్మతులు సాగుతున్నాయి. ఒకనాడు ఇక్కడ పండ్ల వాసన వీధి చివరిదాకా వచ్చేదని ఉస్తాద్ అన్నారు. ఆయన మాతో మాట్లాడుతున్నా చెవి మాత్రం సీటు కిందనే ఉన్నది. సంభాషణ మధ్యలో చేయి ఎత్తి, మమ్మల్ని ఆపి, నాలుగు క్షణాలు విని, మళ్ళీ కొనసాగించేవారు.

ఎగ్జిబిషన్ మైదానం ముందు నుంచి వెళ్ళాము. నుమాయిష్ ముగిసి రెండు నెలలైంది. గేటు లోపల ఎండ తప్ప మరేమీ లేదు. 1938లో ఉస్మానియా పట్టభద్రుల చొరవతో పబ్లిక్ గార్డెన్స్‌లో మొదలైన ఆ ప్రదర్శన 1946 నుంచి ఈ మైదానంలో జరుగుతున్నది. దాని ఆదాయంతో విద్యాసంస్థలు నడుస్తున్నాయి. మా చిన్నతనంలో నల్గొండ నుంచి అందరం కలిసి నుమాయిష్‌కు వచ్చి, కొన్నది తక్కువ, చూసింది ఎక్కువగా తిరిగి వెళ్ళిన రోజులు జ్ఞాపకం వచ్చాయి. తలపైన మెట్రో రైలు సాగిపోయింది. అది ఈ దారిన తిరగడం మొదలుపెట్టి అప్పటికి ఏడు నెలలు, 2018 సెప్టెంబరు నుంచే.

పబ్లిక్ గార్డెన్స్ వద్ద చెట్ల నీడ రోడ్డు మీదికి వాలి ఉన్నది. తెలుగు విశ్వవిద్యాలయం ముందు నుంచి, 1913లో పూర్తయిన శాసనసభ భవనపు తెల్లటి గుమ్మటాల వైపు వెళ్ళాము. ఆ సిగ్నలు వద్ద ఎర్ర దీపం పడింది. బండి ఆగింది. పది క్షణాల్లో సీటు వణికింది. ఒక దెబ్బ తప్పింది. మళ్ళీ ఒకటి తప్పింది.

రెండు నెలలుగా ఆ వణుకు మొదలైతే మా గుండెలు జారిపోయేవి. ఆ రోజు మాత్రం ఎదురుచూసిన అతిథి వచ్చినట్లు అందరం ఒకరి ముఖాలొకరం చూసుకున్నాము. “వచ్చింది! ఇక ఆపకుండా షెడ్డుకు నడుపు బేటా, చల్లారనివ్వవద్దు” అన్నారు ఉస్తాద్.

మూడో సిలిండరు

తరువాతి పావుగంటలో ఆయన చేసిన పనిని కాస్త వివరంగా చెబుతాము. వాహనం మీద బతికే కుటుంబాలకు అది ఉపయోగపడవచ్చు.

ఇంజను ఆపలేదు. సీటు ఎత్తి, రబ్బరు పిడి ఉన్న పటకారుతో మొదటి ప్లగ్గు వైరును ఒక్క క్షణం ఊడదీశారు. ఇంజను ఆగిపోబోయింది. అంటే ఆ సిలిండరు పనిచేస్తున్నదన్నమాట, దాని పాలు పోగానే ఇంజను కుంగింది. రెండోదీ అంతే. మూడో వైరు తీసినప్పుడు ఏ మార్పూ రాలేదు. పని చేయనివాడిని పని మానిపిస్తే ఇంట్లో ఎవరికి తెలుస్తుంది? లోపం మూడో సిలిండరులో ఉన్నది.

పనిచేయని సిలిండరుకు కారణాలు నాలుగే అన్నారు ఆయన. నిప్పురవ్వ లేకపోవాలి, లేదా ఇంధనం లేకపోవాలి, లేదా గాలి పాళ్ళు తప్పాలి, లేదా లోపలి ఒత్తిడి నిలవకపోవాలి. ఇక ఒక్కొక్కదానినే కొట్టివేస్తూ పోయారు.

మూడో వైరు కొనకు వేరొక ప్లగ్గు తగిలించి, దాన్ని ఇనుముకు ఆనించి చూశారు. నీలి రవ్వ బలంగా పడుతున్నది. మూడో ప్లగ్గును మొదటి దానితో మార్చి బిగించారు. లోపం ప్లగ్గు వెంట వెళ్ళలేదు, మూడింటిలోనే ఉండిపోయింది. కనుక నిప్పురవ్వ కాదు. ఇంధనం మూడింటికీ ఒకే చోటి నుంచి వస్తుంది. పైగా గ్యాసు మార్గం వేరు, పెట్రోలు మార్గం వేరు. రెండింటి మీదా అదే సిలిండరు కుంటుతున్నది. కనుక ఇంధనం కాదు. గాలిగొట్టం అతుకు చుట్టూ నాలుగు నూనె చుక్కలు వేసి చూశారు. అక్కడ చీలిక ఉంటే నూనె దాన్ని మూసి, ఇంజను చప్పుడు మారాలి. మారలేదు. కనుక గాలి కాదు.

మిగిలింది ఒత్తిడి. ఇంజను ఆపి, గుడ్డ చుట్టుకున్న చేతులతో వేడి ప్లగ్గులు విప్పి, ఆ రంధ్రాల్లో కంప్రెషన్ గేజి బిగించి, సెల్ఫ్ కొట్టించారు. మొదటి రెండు సిలిండర్లలో ముల్లు 160 పౌండ్లు దాటింది. మూడోదానిలో 95 వద్ద ఆగింది. ఒక చెంచాడు ఇంజనాయిలు ఆ రంధ్రంలో పోసి మళ్ళీ చూశారు. పిస్టను రింగులు అరిగి ఉంటే నూనె ఆ సందును పూడ్చి ముల్లును పైకి తేవాలి. ముల్లు పెద్దగా కదలలేదు. “రింగులు కావు, వాల్వు మూసుకోవడం లేదు” అన్నారు ఉస్తాద్. అప్పుడు మొదటిసారి ఆయన ముఖంలో చిరునవ్వు చూశాము.

ఇక చల్లారేదాకా ఆగాలి. ట్యాపెట్ల ఖాళీ చల్లటి ఇంజను మీదనే కొలవాలట. మేము ఏక్ మినార్ మసీదుకు వెళ్ళి నమాజు చేసుకొని, ఒక హోటలులో చాయ్ తాగి, సాయంత్రానికి తిరిగి వచ్చాము.

వెంట్రుకంత ఖాళీ

ఇంజను పైమూత విప్పారు. ఫీలర్ గేజి అనే పలుచని ఉక్కు రేకుల కట్టను ఉస్తాద్ చేతిలోకి తీసుకున్నారు. వాల్వు కొనకూ, దాన్ని నొక్కే మీటకూ మధ్య రెండు మూడు వెంట్రుకలు పేర్చినంత ఖాళీ ఉండాలి. ఇంజను వేడెక్కినప్పుడు వాల్వు కాడ సాగుతుంది. ఆ సాగుదలకు చోటు కోసమే ఆ ఖాళీ. మూడో సిలిండరులో పొగ బయటికి పంపే వాల్వు వద్ద అన్నిటికన్నా పలుచని రేకు కూడా దూరలేదు. ఖాళీ పూర్తిగా మాయమైంది.

ఇక కథ తేటపడింది. చల్లగా ఉన్నప్పుడు వాల్వు ఎలాగో మూసుకుంటున్నది. నూరు కిలోమీటర్లు నడిచి కాడ సాగాక, మీట అడ్డుపడి, అది తన గద్దెపై పూర్తిగా కూర్చోలేకపోతున్నది. ఆ సందులోంచి ఒత్తిడి జారిపోతున్నది. వేగంగా తిరిగేటప్పుడు జారడానికి వ్యవధి తక్కువ కనుక కుంటు సర్దుకుంటున్నది. ఆగినప్పుడు వ్యవధి ఎక్కువ, కుంటూ ఎక్కువ. మాకు పరస్పర విరుద్ధంగా తోచిన లక్షణాలన్నీ ఒకే కారణం కిందికి వచ్చాయి.

ఖాళీ ఎలా పోయింది? ఇంజను నిమిషానికి మూడున్నర వేల చుట్లు తిరిగితే ప్రతి వాల్వూ 1,750 సార్లు తెరుచుకొని మూసుకుంటుంది. నల్గొండ నుంచి హైదరాబాద్ చేరే రెండున్నర గంటల్లో ఆ దెబ్బలు రెండున్నర లక్షలు దాటుతాయి. దెబ్బ దెబ్బకూ వాల్వు గద్దె రవ్వంత అరుగుతుంది. గద్దె అరిగినకొద్దీ వాల్వు లోపలికి దిగి, కాడ పైకి లేచి, ఖాళీని తినివేస్తుంది. పూర్వం పెట్రోలులో కలిపే సీసం ఆ గద్దెల మీద పలుచని పూతలా నిలిచి అరుగుదలను తగ్గించేది. సీసం మన పిల్లల మెదడుకు విషం గనుక దాన్ని మానుకోవడం మేలే అయింది. 2000 ఫిబ్రవరి నాటికి దేశమంతటా సీసం లేని పెట్రోలే వచ్చింది. గద్దెలను గట్టి లోహంతో చేయసాగారు. అయితే గ్యాసు పొడిగా కాలే ఇంధనం. దాని మీద ఎక్కువగా నడిచే బండ్లలో ఆ గద్దెలు త్వరగా అరుగుతాయి. కనుక ట్యాపెట్లను తరచుగా చూపించుకోవాలి. మేము 16 నెలలుగా చూపించలేదు.

వాల్వు అంటే ఒకవైపు తెరిచి, తిరుగు దారి మూసే తలుపు. ఆ తలుపుకు మన చరిత్రలోనూ చోటున్నది. దియార్‌బకర్‌లో అర్తుకీ పాలకుల వద్ద పనిచేసిన అల్ జజరీ 1206లో పూర్తిచేసిన యంత్రాల గ్రంథంలో, రెండు పిస్టన్లతో, అటువంటి తలుపులతో నీటిని పైకి తోడే యంత్రాన్ని వివరించాడు. ఆ తలుపు సరిగా మూసుకోకపోతే ఆ యంత్రంలోనూ నీరు జారిపోయేదే. ఎనిమిది శతాబ్దాల తరువాత నాంపల్లి షెడ్డులో ఒక పెద్దాయన అదే తలుపును వేళ్ళతో సరిచేస్తుంటే చూశాము.

ఆ సర్దుబాటుకు పట్టినది అరగంట. కొత్త సామాను ఒక్కటీ అక్కరలేదు. మళ్ళీ ఊరు చుట్టి, వేడి ఇంజను మీదనే కొలిచారు. మూడో సిలిండరు 155 చూపించింది. “సమయానికి వచ్చారు. ఇంకో రెండు నెలలు ఇలాగే నడిపితే జారే మంటకు వాల్వు అంచు కాలిపోయేది. అప్పుడు హెడ్డు దింపాలి, పదివేలు దాటేది” అన్నారు. ఆయన తీసుకున్నది 600 రూపాయలు. అబ్బా వెయ్యి ఇవ్వబోతే, నాలుగు వందలు తిరిగి చేతిలో పెట్టారు.

గుర్తుంచుకోవలసినవి

బయలుదేరే ముందు ఉస్తాద్ చెప్పిన సంగతులను కాగితం మీద రాసుకున్నాము. మెకానిక్ వద్దకు వెళ్ళే ముందు లోపం ఎప్పుడు వస్తుందో, ఎప్పుడు పోతుందో రాసి పెట్టుకోవాలి. వేడిగా ఉన్నప్పుడు వచ్చే లోపాన్ని వేడిగానే, చల్లగా ఉన్నప్పుడు వచ్చేదాన్ని రాత్రంతా ఆపి ఉంచిన బండి మీదనే చూపించాలి. ఒకసారికి ఒకే సామాను మార్చాలి. మార్చాక, లోపం వచ్చే పరిస్థితిలోనే నడిపి చూడాలి. వానలో మాత్రమే మిస్సింగ్ వస్తే మొదట ప్లగ్గు వైర్లను, డిస్ట్రిబ్యూటరు మూతను అనుమానించాలి. ఎత్తు ఎక్కేటప్పుడు మాత్రమే వస్తే నిప్పురవ్వ బలాన్నీ, ఇంధనం అందడాన్నీ చూడాలి. గ్యాసు మండటానికి మరింత బలమైన రవ్వ కావాలి కనుక, గ్యాసు మీద మాత్రమే వచ్చే లోపానికి పాత వైర్లు కారణం కావచ్చు. కొత్తరకం బండ్లలో ఇంజను దీపం ఆరుతూ వెలుగుతూ హెచ్చరిస్తే నడపడం ఆపాలి. కాలని ఇంధనం పొగగొట్టంలోని శుద్ధి పరికరాన్ని పాడుచేస్తుంది.

మంగళవారం ఉదయం

మిర్యాలగూడ యువకుడు అనుకున్న వేళకే వచ్చాడు. బండి ఇప్పుడు చల్లగానూ, వేడిగానూ చక్కగా నడుస్తున్నది. చెప్పవలసిన అవసరం ఇంకా ఉన్నదా అని మాలో చిన్నవాడు కళ్ళతోనే అడిగాడు. అబ్బా ఆ యువకుణ్ణి కూర్చోబెట్టి, ఫిబ్రవరి నుంచి జరిగినదంతా చెప్పారు. మూడో సిలిండరు వాల్వు గద్దె అరిగి ఉన్నదని, ఖాళీ మళ్ళీ తగ్గుతుందని, ఐదు వేల కిలోమీటర్లకు ఒకసారి చూపించుకోవాలని, అశ్రద్ధ చేస్తే హెడ్డు దింపవలసి వస్తుందని వివరించారు. బిస్కెట్ల డబ్బా కూడా ముందు పెట్టారు.

అతడు చాలాసేపు మాట్లాడలేదు. అక్కతో మాట్లాడి చెబుతానని వెళ్ళిపోయాడు. ఇక రాడనుకున్నాము. రెండు రోజుల తరువాత ఫోను చేసి, ధర 6,000 తగ్గిస్తే తీసుకుంటానన్నాడు. అబ్బా ఒప్పుకున్నారు. బడుల కాలానికి మేము అద్దె ఆటో ట్రాలీలో పుస్తకాలు తెచ్చుకున్నాము. ఆ జూన్‌లో మాకు మిగిలింది తక్కువే.

సామాన్లకు 9,000, ధరలో 6,000, అద్దెలకు మరికొంత అని చిన్నవాడు ఒక రోజు లెక్క కట్టాడు. ఆ లెక్కలో తప్పేమీ లేదు. అబ్బా కూడా కాదనలేదు. అయితే అదే సాయంత్రం మిర్యాలగూడ నుంచి ఫోను వచ్చింది. ఎత్తింది చిన్నవాడే. ఐదు వేల కిలోమీటర్లు నిండాయి, ట్యాపెట్లు చూపించాలి, నాంపల్లిలో ఆ ఉస్తాద్ షెడ్డు ఎక్కడో చెప్పమని ఆ యువకుడు అడుగుతున్నాడు. స్టేషను వెనుక సందు, ఎడమవైపు రేకుల షెడ్డు, శుక్రవారం సెలవని దారి చెబుతూ, చిన్నవాడు చివరన తనంతట తానే ఒక మాట కలిపాడు. “బండిని వేడిగా తీసుకెళ్ళు భాయ్. ఆయన మొదట నడిపే చూస్తారు.”